నోడ్ నిద్రపోయినా బ్యాటరీ ఖాళీ అవుతోందా? పిన్నులను ఒక్కొక్కటిగా సరిచేసే పద్ధతి

"కోడ్‌లో స్లీప్ పెట్టాను, చిప్ నిద్రపోతోంది, అయినా మిర్చి చేనులో పెట్టిన డబ్బా మూడు వారాలకే ఆగిపోయింది. ఎందుకు?" వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు ప్రాజెక్టులు చేసే విద్యార్థులూ, చేనులో తేమ కొలిచే నోడ్లు (సెన్సర్లు, రేడియో ఉన్న చిన్న బ్యాటరీ డబ్బాలు) సొంతంగా పెట్టుకుంటున్నవాళ్ళూ మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది. జవాబు చాలావరకు పిన్నుల దగ్గరే ఉంటుంది. ఏటీమెగా328పీ చిప్ పవర్-డౌన్ అనే లోతైన నిద్రలో, దాన్ని సమయానికి లేపే వాచ్‌డాగ్ టైమర్ నడుస్తున్నా, 3 వోల్టుల దగ్గర సుమారు 4 మైక్రోఆంపులే తీసుకుంటుంది. అదే చిప్ మీద ఒక్క పిన్ను ‘లో’లో (0 వోల్టుల దగ్గర) ఉండిపోయి, ఆ గీతకు (వైరుకు) 4.7 కిలోఓమ్ పుల్‌అప్ (గీతను సప్లై వైపు లాగే రెసిస్టర్) ఉంటే 700 మైక్రోఆంపులు పారుతుంటాయి. అంటే చిప్ తినేదానికి నూటయాభై రెట్లకు పైనే.

ఉదాహరణగా ఒక నోడ్‌ను తీసుకుందాం. ఆ చిప్ ఉన్న 3.3 వోల్టుల, 8 మెగాహెర్ట్జ్ ఆర్డుయినో ప్రో మినీ బోర్డు, ఒక కెపాసిటివ్ తేమ సెన్సర్, ఒక డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్, ఒక లోరా మాడ్యూల్ (దూరానికి డేటా పంపే రేడియో, మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్‌లో పనిచేసేది), 2600 మిల్లీఆంప్-గంటల 18650 లిథియం సెల్. మీ నోడ్‌లో భాగాలు వేరైనా పద్ధతి మారదు.

లెక్క ముందే చూసుకోండి. నిద్రలో 5 మిల్లీఆంపులు పోతే ఆ సెల్ 520 గంటలు, అంటే దాదాపు 22 రోజులు వస్తుంది. 1 మిల్లీఆంప్ అయితే 108 రోజులు. 50 మైక్రోఆంపులకు దించితే లెక్క ప్రకారం ఐదేళ్ళు దాటుతుంది కాబట్టి, అక్కడి నుంచి సెల్ తనంతట తాను డిశ్చార్జ్ అవ్వడమే పెద్ద లెక్క అవుతుంది. మన గురి 50 మైక్రోఆంపుల లోపు.

కావలసినవి

- 2000 మైక్రోఆంపుల రేంజి ఉన్న మల్టీమీటర్. డీటీ830డీ లాంటి చవక మీటర్ చాలు.
- మాస్‌ఫెట్లు (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు): ఏఓ3401 పీ-ఛానల్ 2, ఏఓ3400 ఎన్-ఛానల్ 2.
- రెసిస్టర్లు: 1 కిలోఓమ్, 4.7 కిలోఓమ్, 10 కిలోఓమ్, 100 కిలోఓమ్, 1 మెగాఓమ్.
- 10 నానోఫారడ్, 100 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు. 1000 మైక్రోఫారడ్, 10 వోల్టుల ఎలక్ట్రోలిటిక్ ఒకటి.
- 1ఎన్4007 డయోడ్లు, ఒక చిన్న స్లైడ్ స్విచ్.
- ఎంసీపీ1700 రకం 3.3 వోల్టుల రెగ్యులేటర్.
- సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్, ఫ్లక్స్.

చిన్న మాస్‌ఫెట్లు మీ ఊళ్ళో దొరక్కపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెప్పించుకోండి. వాటి బదులు ఐఆర్‌ఎఫ్520 గానీ ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ గానీ పెట్టకండి. అవి పూర్తిగా తెరుచుకోవడానికి గేట్ (మాస్‌ఫెట్‌ను తెరిచి మూసే కాలు) మీద 10 వోల్టులు కావాలి. 3.3 వోల్టులకు సగం తెరుచుకుని వేడెక్కుతాయి.

1. ముందు కాగితం మీద పిన్నుల పట్టిక

కోడ్ ముట్టుకునే ముందు ప్రతి పిన్నుకూ నాలుగు సంగతులు రాయండి: అటు చివర ఏముంది, ఆ గీత మీద రెసిస్టర్ ఉందా (ఉంటే ఏ సప్లైకి కట్టారు), నిద్రలో అవతలి భాగానికి సప్లై ఉంటుందా, నిద్రలో ఈ పిన్ను ఏ స్థితిలో ఉండాలి. నాలుగో గడి నింపాలంటే మొదటి మూడూ తెలియాలి. పట్టిక రాయకుండా "అన్ని పిన్నులనూ ఒకే స్థితిలో పెట్టేస్తా" అని లూప్ రాయడమే ఈ పనిలో జరిగే అతి పెద్ద తప్పు.

ఎందుకంటే అన్నింటినీ ఇన్‌పుట్-పుల్‌అప్ (చిప్ లోపలి పుల్‌అప్ ఆన్ చేసిన ఇన్‌పుట్) చేశారనుకోండి. ప్రో మినీ మీద 13వ పిన్నుకు ఎల్‌ఈడీ నేరుగా తగిలి ఉంటుంది కాబట్టి, లోపలి పుల్‌అప్ గుండా దానిలోకి 40 మైక్రోఆంపుల దాకా పోతుంది. లైటు వెలిగినట్టు కంటికి కనిపించదు. సప్లై తెంపిన సెన్సర్‌లోకి కూడా అదే దారిన కరెంటు వెళ్తుంది. పోనీ అన్నింటినీ ‘లో’ ఔట్‌పుట్ చేస్తే పుల్‌అప్ ఉన్న ప్రతి గీతా కారుతుంది, లోరా చిప్ సెలెక్ట్ (ఆ చిప్‌ను మాట్లాడటానికి ఎంచుకునే పిన్ను) కూడా ‘లో’కు వెళ్ళి కూర్చుంటుంది.

2. బోర్డు మీది దండగ ఖర్చు తీసేయండి

ఇది చిన్న పని, ముందే ముగించండి. పవర్ ఎల్‌ఈడీని గానీ దాని రెసిస్టర్‌ను గానీ ఊడదీయండి. ఒకటి రెండు మిల్లీఆంపులు అక్కడే ఆదా అవుతాయి. బోర్డు మీది రెగ్యులేటర్‌ను తీసేసి ఎంసీపీ1700 పెట్టండి. అది ఊరికే ఉన్నప్పుడు తినేది సుమారు 1.6 మైక్రోఆంపులు. ఏఎంఎస్1117 అయితే ఏ పనీ లేకున్నా 5 మిల్లీఆంపుల దాకా తింటుంది. హెచ్చరిక: ఎంసీపీ1700 ఇన్‌పుట్ 6 వోల్టులు దాటకూడదు, సోలార్ ప్యానెల్‌ను దానికి నేరుగా తగిలించొద్దు.

3. ఖాళీ పిన్నులు

ఏదీ తగిలించని పిన్నును ఇన్‌పుట్-పుల్‌అప్‌లో పెట్టండి. అటు పక్క దారి లేదు కాబట్టి కరెంటు పారదు, పిన్ను గాల్లో వేలాడదు. ‘లో’ ఔట్‌పుట్ కూడా పనిచేస్తుంది గానీ, రేపు ఎవరైనా ఆ పిన్నుకు ఏదైనా తగిలిస్తే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

వేలాడే పిన్నుతో నష్టం ఏమిటంటే, ఇన్‌పుట్ బఫర్‌లో (పిన్ను ‘హై’నో ‘లో’నో చదివే భాగంలో) పై ట్రాన్సిస్టర్, కింది ట్రాన్సిస్టర్ రెండూ సగం సగం తెరుచుకుని, సప్లై నుంచి గ్రౌండ్‌కు నేరుగా కరెంటు పారుతుంది. వోల్టేజీ సప్లైలో సగం దగ్గర ఉన్నప్పుడు ఇది మరీ ఎక్కువ. 328పీ పవర్-డౌన్‌లోకి వెళ్ళాక చాలా పిన్నుల బఫర్లను చిప్పే ఆపేస్తుంది. కానీ నిద్ర లేపడానికి ఇంటరప్ట్ పెట్టిన పిన్నుల బఫర్ తెరిచే ఉంటుంది. కాబట్టి లేపే పిన్ను ఎట్టి పరిస్థితుల్లోనూ వేలాడకూడదు.

4. అనలాగ్ పిన్నులు, బ్యాటరీ కొలిచే విభాజకం (వోల్టేజీని పంచే రెసిస్టర్ల జత)

బ్యాటరీ వోల్టేజీ కొలవడానికి 10 కిలోఓమ్ రెసిస్టర్లు రెండు పెడితే 4.2 వోల్టుల దగ్గర 210 మైక్రోఆంపులు రాత్రింబవళ్ళూ పోతాయి. 1 మెగాఓమ్‌వి రెండు పెట్టండి, 2.1 మైక్రోఆంపులకు దిగుతుంది. ఈ చిప్ ఏడీసీకి (వోల్టేజీని అంకెగా మార్చే భాగానికి) 10 కిలోఓమ్ లోపు రెసిస్టెన్స్ ఉన్న మూలం కావాలి కాబట్టి మధ్య బిందువు నుంచి గ్రౌండ్‌కు 100 నానోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి. అది లేకుండా 1 మెగాఓమ్ పెట్టి "రీడింగ్ తప్పు వస్తోంది" అనేవాళ్ళు చాలామంది.

ఆ మధ్య బిందువు దగ్గర 2 వోల్టుల చుట్టూ ఉంటుంది, అంటే సప్లైలో సగానికి దగ్గర. మెలకువలో డిజిటల్ బఫర్ కరెంటు తినేది సరిగ్గా అక్కడే. డీఐడీఆర్0 రిజిస్టర్‌లో ఆ పిన్ను బిట్‌ను 1 చేసి బఫర్ ఆపేయండి. ఏడీసీ6, ఏడీసీ7లకు డిజిటల్ బఫరే లేదు, వీలైతే బ్యాటరీ గీతను వాటికే ఇవ్వండి.

ఏడీసీ ఆపడంలో వరుస ముఖ్యం. ముందు ఏడీఈఎన్ (ఏడీసీని ఆన్ చేసే) బిట్‌ను 0 చేయాలి, ఆ తర్వాతే పవర్ రిడక్షన్ రిజిస్టర్‌లో ఏడీసీ బిట్‌ను 1 చేయాలి. తిరగేస్తే ఏడీఈఎన్ మారదు, ఏడీసీ ఆన్‌లోనే ఉండిపోయి 200 నుంచి 300 మైక్రోఆంపులు తింటూనే ఉంటుంది. కోడ్ చూస్తే అంతా సరిగ్గానే కనిపిస్తుంది, అందుకే ఈ తప్పు పట్టుకోవడం కష్టం.

5. సెన్సర్ సప్లై తెంపడం

కెపాసిటివ్ తేమ సెన్సర్ సుమారు 5 మిల్లీఆంపులు తింటుంది. దానికి నిద్ర అంటూ లేదు. సప్లై తెంపాల్సిందే. రెండు దారులున్నాయి.

మొదటిది, పిన్నుతోనే సప్లై ఇవ్వడం. 328పీ పిన్నుకు గరిష్ఠ పరిమితి 40 మిల్లీఆంపులు, సప్లై, గ్రౌండ్ పిన్నులకు 200. ఇవి దాటితే చిప్ చెడిపోయే హద్దులు, వాడుకోవాల్సిన విలువలు కావు. 3 వోల్టుల దగ్గర ఒక పిన్ను నుంచి 10 మిల్లీఆంపులు మించకుండా చూసుకోండి. అంత లాగితే పిన్ను మీదే 0.7 వోల్టుల దాకా పడిపోవచ్చు. 5 మిల్లీఆంపుల సెన్సర్‌కు సరిపోతుంది గానీ సెన్సర్‌కు అందే వోల్టేజీ కాస్త తగ్గుతుంది, రీడింగ్ కూడా మారుతుంది. అందుకే చేనులో ఎలా ఉంటుందో అలాగే కట్టి పొడి మట్టిలో, తడి మట్టిలో కాలిబ్రేట్ చేయండి. నల్లరేగడికి ఒకసారి, చెల్క నేలకు ఒకసారి విడిగా చేయాలి. బలం చాలక రెండు పిన్నులు కలిపితే, అవి ఒకే పోర్టువై ఉండాలి, ఒకే పోర్టు-రైట్‌తో రెండూ కలిసి మారాలి. ఒకటి ‘హై’, ఇంకొకటి ‘లో’ ఉన్న ఆ కొద్ది క్షణమే చాలు, ఒకదాన్నొకటి షార్ట్ చేసుకుంటాయి.

రెండోది, నేను సిఫార్సు చేసేది, ఏఓ3401 మాస్‌ఫెట్. సోర్స్ 3.3 వోల్టులకు, డ్రెయిన్ సెన్సర్ సప్లైకి, గేట్ నుంచి సోర్స్‌కు 100 కిలోఓమ్, పిన్ను నుంచి గేట్‌కు 10 కిలోఓమ్. పిన్ను ‘లో’ అయితే సెన్సర్ ఆన్, ‘హై’ అయితే ఆఫ్. 100 కిలోఓమ్ మానేయొద్దు. రీసెట్ సమయంలో పిన్నులన్నీ వదిలేసినట్టు ఉంటాయి, అప్పుడు మాస్‌ఫెట్‌ను మూసి ఉంచేది ఆ రెసిస్టరే.

ఇక్కడ జరిగే తప్పులు మూడు.

సోర్స్, డ్రెయిన్ తారుమారు అవ్వడం. లోపలి డయోడ్ గుండా సప్లై ఎప్పుడూ పారుతుంది, సెన్సర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. చిన్న మూడు కాళ్ళ ప్యాకేజీలో 1 గేట్, 2 సోర్స్, ఒంటరిగా ఉన్న 3వ కాలు డ్రెయిన్.

మాస్‌ఫెట్ సోర్స్‌ను నేరుగా సెల్‌కు కట్టడం. సెల్ 4.2 వోల్టులు, పిన్ను ‘హై’ 3.3 వోల్టులు. గేట్-సోర్స్ మధ్య ఇంకా 0.9 వోల్టులు మిగులుతాయి. ఈ మాస్‌ఫెట్ 0.5 నుంచి 1.3 వోల్టుల మధ్య ఎక్కడైనా తెరుచుకోవడం మొదలెట్టొచ్చు. అంటే సెల్ నిండుగా ఉన్నప్పుడు కారుతుంది, సెల్ తగ్గాక బాగైపోతుంది. టేబుల్ మీద సగం ఖాళీ సెల్‌తో చూసినవాళ్ళకు ఇది దొరకదు. సెల్‌నే తెంపాలంటే పిన్ను ఏఓ3400ను నడపాలి, అది ఏఓ3401 గేట్‌ను కిందికి లాగాలి. అప్పుడు తర్కం తిరగబడుతుంది, ‘హై’ అంటే ఆన్.

సెన్సర్ బోర్డు మీది కెపాసిటర్లు ఒక్కసారిగా నిండటం. 3.3 వోల్టులు ఆ క్షణం పడిపోయి చిప్ రీసెట్ అవుతుంది. "సెన్సర్ ఆన్ చేయగానే మొదటి నుంచి మొదలవుతోంది" అంటే ఇదే. గేట్, సోర్స్ మధ్య 100 నానోఫారడ్ పెట్టండి. 10 కిలోఓమ్‌తో కలిసి ఒక మిల్లీసెకను మెల్లగా తెరుచుకుంటుంది.

సప్లైని కాకుండా గ్రౌండ్‌ను తెంపే ఆలోచన చేయకండి. డేటా గీత ఉన్న సెన్సర్‌కు గ్రౌండ్ తెంపితే, కరెంటు డేటా పిన్ను గుండానే గ్రౌండ్‌కు దారి వెతుక్కుంటుంది.

6. దొంగదారిన వెళ్ళే కరెంటు

ఈ మెట్టు దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు, కాబట్టి నెమ్మదిగా చదవండి. దాదాపు ప్రతి చిప్ పిన్నుకూ లోపల ఒక రక్షణ డయోడ్ ఉంటుంది, పిన్ను నుంచి ఆ చిప్ సప్లై వైపు. సెన్సర్ సప్లై తెంపి, దాని డేటా పిన్నును ‘హై’లో వదిలేశారంటే, ఆ డయోడ్ గుండా కరెంటు వెళ్ళి సెన్సర్ సప్లై గీతను నింపుతుంది. సెన్సర్ సగం ప్రాణంతో నడుస్తుంటుంది. కరెంటు పోతుంది, దానికి తోడు సెన్సర్ సరిగ్గా రీసెట్ కాక, మళ్ళీ సప్లై ఇచ్చినప్పుడు మొండికేస్తుంది.

పరీక్ష చాలా సులువు. నిద్రలో ఉండగా సెన్సర్ సప్లై కాలు దగ్గర వోల్టేజీ కొలవండి. 0.1 వోల్టు లోపు ఉంటే తెగినట్టు. 1.5 నుంచి 2.7 వోల్టుల మధ్య ఏదైనా కనిపిస్తే దొంగదారి ఉన్నట్టే. 3.3లోంచి ఒక డయోడ్ 0.6 తీసేస్తే 2.7, ఆ అంకె వచ్చేది అక్కడి నుంచే.

సరిచేసే విధానం:

క) పుల్‌అప్ రెసిస్టర్లను తెంపిన వైపుకు మార్చండి. డీఎస్18బీ20 గీతకు 4.7 కిలోఓమ్, ఐ2సీ (కొన్ని సెన్సర్లు మాట్లాడే రెండు వైర్ల పద్ధతి) గీతలకు ఉన్న రెసిస్టర్లు, అన్నీ మాస్‌ఫెట్ డ్రెయిన్ వైపు ఉండాలి, 3.3 వోల్టుల వైపు కాదు. చాలా రెడీమేడ్ సెన్సర్ బోర్డుల మీద పుల్‌అప్‌లు సెన్సర్ సప్లైకే కట్టి ఉంటాయి, అది మంచిదే. మీరు బయట అదనంగా పెట్టినవే ఇబ్బంది.

ఖ) సప్లై తెంపే ముందు లైబ్రరీలను మూసేయండి. ఐ2సీని నడిపే ఆర్డుయినో వైర్ లైబ్రరీ మొదలైనప్పుడు తనే లోపలి పుల్‌అప్‌లు ఆన్ చేస్తుంది. ముందు దాని ఎండ్ పిలవండి, తర్వాత ఆ రెండు పిన్నులనూ ‘లో’ చేయండి. ఎండ్ పిలవకుండా పిన్నులు మార్చితే, ఆ హార్డ్‌వేర్ బ్లాకే పిన్నును పట్టుకుని ఉంటుంది, మీ మాట వినదు.

గ) తెంపిన సెన్సర్‌కు వెళ్ళే ప్రతి పిన్నూ ‘లో’ ఔట్‌పుట్. పుల్‌అప్ కూడా అదే తెగిన సప్లై మీద ఉంది కాబట్టి ఇప్పుడు ఏమీ పారదు.

ఘ) సీరియల్ టీఎక్స్ (డేటా పంపే) పిన్నును మరవకండి. అది ఊరికే ఉన్నప్పుడు ‘హై’. యూఎస్‌బీ-సీరియల్ బోర్డును తగిలించే ఉంచి, యూఎస్‌బీ తీసేస్తే, టీఎక్స్ ఆ బోర్డును పోషిస్తుంది. నిద్రకు ముందు ఫ్లష్, తర్వాత ఎండ్, తర్వాత టీఎక్స్ ‘లో’.

మళ్ళీ లేచాక వరుస తిరగబడాలి: ముందు సప్లై, కొద్దిసేపు ఆగి తర్వాత పిన్నులు, లైబ్రరీలు. డీఎస్18బీ20 12 బిట్లలో కొలవడానికి 750 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఆ ముప్పావు సెకను చిప్ మేలుకుని ఎదురుచూడనక్కర్లేదు, మళ్ళీ నిద్రపుచ్చండి. ఈ చిన్న నిద్రలో మాత్రం సెన్సర్ పిన్నులను, మాస్‌ఫెట్ పిన్నును కదపొద్దు.

7. సప్లై తెగని చిప్, మన దగ్గర లోరా

లోరా మాడ్యూల్‌కు సప్లై తెంపడం అవసరం లేదు. దాని స్లీప్ 0.2 మైక్రోఆంపులే. కానీ ఆన్ కాగానే అది స్టాండ్‌బైలో ఉంటుంది, అక్కడ 1.6 మిల్లీఆంపులు. పంపడం అయ్యాక స్లీప్ ఆదేశం ఇవ్వండి. రేడియో మొదలుపెట్టడం విఫలమైనప్పుడు కూడా ఆ దారి గుండానే కోడ్ వెళ్ళేలా చూడండి.

ఇలాంటి చిప్ దగ్గర నియమం 6వ మెట్టుకు సరిగ్గా ఎదురు. చిప్ సెలెక్ట్ పిన్ను ‘హై’ ఔట్‌పుట్‌లో ఉండాలి, క్లాక్, మన వైపు నుంచి లోరాకు వెళ్ళే డేటా గీత ‘లో’ ఔట్‌పుట్‌లో. మన పిన్నును ఇన్‌పుట్ చేసి వదిలేస్తే, మన వైపు ఏమీ కనిపించదు. అటు లోరా చిప్ ఇన్‌పుట్ వేలాడుతూ కరెంటు తింటుంది. ఈ సంగతి చాలా గైడ్లలో ఉండదు. చిప్ సెలెక్ట్‌కు 100 కిలోఓమ్ పుల్‌అప్ కూడా పెట్టండి, రీసెట్ సమయంలో అదే కాపలా.

లోరా నుంచి మన వైపు వచ్చే డేటా గీత సంగతి: చిప్ సెలెక్ట్ ‘హై’లో ఉంటే ఆ గీతను ఎవరూ నడపరు. మన వైపు లోపలి పుల్‌అప్ ఆన్ చేస్తే చాలు.

8. సంపు ఫ్లోట్ స్విచ్, వర్షం కొలిచే రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరైతే మూసుకునేది)

ట్యాంకు నిండినంతసేపూ ఫ్లోట్ స్విచ్ మూసే ఉంటుంది. లోపలి పుల్‌అప్ 20 నుంచి 50 కిలోఓమ్, అంటే గంటల తరబడి 66 నుంచి 165 మైక్రోఆంపులు గ్రౌండ్‌కు. వర్షం బకెట్ ఆగకూడని చోట ఆగితే రీడ్ స్విచ్ కూడా అంతే.

పావుగంటకోసారి చూస్తే చాలనుకుంటే, చదివేటప్పుడు మాత్రమే పుల్‌అప్ ఆన్ చేయండి, ఒక మిల్లీసెకను ఆగండి, చదవండి, పిన్నును ‘లో’ ఔట్‌పుట్ చేయండి. స్విచ్ అటు చివర గ్రౌండే కాబట్టి ‘లో’ వల్ల నష్టం లేదు.

స్విచ్చే నిద్ర లేపాలంటే లోపలి పుల్‌అప్ వదిలేసి బయట 1 మెగాఓమ్ పెట్టండి. మూసినప్పుడు 3.3 మైక్రోఆంపులే. అయితే వైరు పొడవైనదై, మోటరు స్టార్టర్ డబ్బా పక్క నుంచి, మూడు ఫేజుల కేబుల్ వెంబడి వెళ్తుంటే 1 మెగాఓమ్ గీత 50 హెర్ట్జ్‌ను లాక్కుంటుంది, నోడ్ ఊరికే మేలుకుంటూ ఉంటుంది. పిన్ను దగ్గర 10 నానోఫారడ్ గ్రౌండ్‌కు, వైరుకూ పిన్నుకూ మధ్య 1 కిలోఓమ్ పెట్టండి. అప్పటికీ ఆగకపోతే 100 కిలోఓమ్‌కు దిగండి, 33 మైక్రోఆంపులు పోయినా తప్పుడు మేలుకొలుపుల కంటే అది చవక. వైరును స్టార్టర్ కేబుల్‌తో కలిపి ఒకే పైపులో వేయకండి.

9. రిలే, వాల్వ్

పిన్నుతో రిలేను నేరుగా నడపొద్దు. 5 వోల్టుల మామూలు రిలే కాయిల్ 70 ఓమ్ ఉంటుంది, 71 మిల్లీఆంపులు. ఏఓ3400 పెట్టండి, గేట్ నుంచి గ్రౌండ్‌కు 100 కిలోఓమ్, కాయిల్ మీద 1ఎన్4007 తిరగేసి. బ్యాటరీ మీద నడిచే నోడ్‌కు మామూలు రిలే పనికిరాదు, మూసి ఉన్నంతసేపూ 71 మిల్లీఆంపులు పోతూనే ఉంటాయి. లాచింగ్ (మారాక కరెంటు లేకున్నా అదే స్థితిలో నిలిచే) రిలే గానీ లాచింగ్ సోలెనాయిడ్ వాల్వ్ గానీ తీసుకోండి, చిన్న పల్స్‌తో పని అయిపోతుంది.

10. నిద్రలోకి వెళ్ళే వరుస

ఒకే ఫంక్షన్‌లో, ఈ క్రమంలోనే రాయండి:

1) లోరాను స్లీప్‌కు పంపండి. 2) ఎస్‌పీఐ (లోరాతో మాట్లాడేది), వైర్, సీరియల్ మూసేయండి. 3) చిప్ సెలెక్ట్ ‘హై’, క్లాక్, డేటా ‘లో’. 4) సెన్సర్ గీతలన్నీ ‘లో’. 5) మాస్‌ఫెట్ ఆఫ్. 6) ఏడీసీ ఆఫ్, 4వ మెట్టులో చెప్పిన వరుసలో. 7) బ్రౌన్-ఔట్ డిటెక్టర్ (సప్లై మరీ తగ్గితే చిప్‌ను రీసెట్ చేసేది) ఆఫ్, వెంటనే స్లీప్ ఆదేశం.

7వ దానిలో గమనిక: బ్రౌన్-ఔట్ ఆపే బిట్ మూడు క్లాక్ సైకిళ్ళే ఉంటుంది. ఆ రెండు ఆదేశాల మధ్య ఇంకే లైనూ పెట్టకండి, ఒక్క ప్రింట్ కూడా. పెడితే డిటెక్టర్ ఆన్‌లోనే ఉండిపోయి 20 మైక్రోఆంపులు తింటుంది.

11. కొలవడం

యూఎస్‌బీ-సీరియల్ బోర్డు పూర్తిగా తీసేయండి. అది తగిలి ఉంటే దాని టీఎక్స్ గుండా మీ చిప్‌కు కరెంటు వస్తుంది, మీటర్ తక్కువ చూపిస్తుంది, మీరు సంతోషపడి చేనులో పెట్టేస్తారు.

మీటర్‌ను సెల్ ప్లస్‌కూ నోడ్‌కూ మధ్య పెట్టండి. 2000 మైక్రోఆంపుల రేంజిలో మీటర్ లోపల 100 ఓమ్ ఉంటుంది. నిద్రలో పర్వాలేదు. లోరా పంపేటప్పుడు 90 మిల్లీఆంపులు ఆ 100 ఓమ్ గుండా రాలేవు, నోడ్ రీసెట్ అయి మళ్ళీ మళ్ళీ మొదలవుతుంది. అందుకే మీటర్ రెండు వైర్ల మధ్య స్లైడ్ స్విచ్ పెట్టండి. స్విచ్ మూసి నోడ్ ఆన్ చేయండి, నిద్రలోకి వెళ్ళాక స్విచ్ తెరిచి చదవండి, మేలుకునే ముందు మూసేయండి. పరీక్ష కోసం నిద్ర కనీసం ఒక నిమిషం ఉండేలా పెట్టుకోండి. స్విచ్ బదులు 1ఎన్4007 డయోడ్‌ను మీటర్‌కు సమాంతరంగా, కరెంటు పారే దిశలో పెట్టొచ్చు, సెల్ నిండుగా ఉన్నప్పుడు. షాట్కీ డయోడ్ వద్దు, అది 0.2 వోల్టులకే పారడం మొదలెట్టి లెక్క చెడగొడుతుంది.

మీటర్ మీద నమ్మకం లేకపోతే కెపాసిటర్ పద్ధతి ఉంది. రెగ్యులేటర్‌ను పక్కన పెట్టి, 1000 మైక్రోఫారడ్‌ను బోర్డు 3.3 వోల్టుల గీతకు కట్టి నింపండి, నోడ్ నిద్రపోయాక సప్లై తీసేయండి. 3.3 నుంచి 2.8కి దిగడానికి పట్టిన సెకన్లతో 500ను భాగిస్తే మైక్రోఆంపులు వస్తాయి. 50 సెకన్లు పడితే 10 మైక్రోఆంపులు, 5 సెకన్లయితే 100. చవక మీటర్ వోల్టు రేంజిలో 1 మెగాఓమ్ ఉంటుంది, తనే 3 మైక్రోఆంపులు తాగుతుంది. మీటర్ ప్రోబులు ఎప్పుడూ ఆనించి ఉంచకుండా మొదట ఒకసారి, చివర ఒకసారి తాకించండి. నోడ్ లేకుండా కెపాసిటర్ ఒక్కదాన్నీ ఇలాగే చూసి, దాని సొంత లీకేజీని లెక్కలోంచి తీసేయండి.

అంకె చూస్తే దొంగ ఎవరో చాలావరకు తెలుస్తుంది:

- సుమారు 20 మైక్రోఆంపులు ఎక్కువ: బ్రౌన్-ఔట్ డిటెక్టర్ ఆగలేదు.
- 66–165: లోపలి పుల్‌అప్ ఒకటి ‘లో’తో కొట్లాడుతోంది, బహుశా ఫ్లోట్ స్విచ్.
- 200–300: ఏడీసీ ఆగలేదు, లేదా 10 కిలోఓమ్ విభాజకం.
- 330: 10 కిలోఓమ్ పుల్‌అప్ గీత ‘లో’లో ఉంది.
- 700: 4.7 కిలోఓమ్ గీత. ఐ2సీ అయితే రెండు గీతలు కలిపి 1400.
- 1600: లోరా స్టాండ్‌బైలో ఉంది. 1400 చూసి దీనితో పొరబడొద్దు. 1400 దగ్గర ఉంటే లోరా జోలికి పోకుండా ఐ2సీ రెసిస్టర్ ఊడదీసి చూడండి.
- 5000: తేమ సెన్సర్ తెగలేదు, లేదా ఏఎంఎస్1117 ఇంకా ఉంది.
- అంకె నిలకడ లేక, చెయ్యి దగ్గరికి తెస్తే మారుతుంటే: ఏదో పిన్ను వేలాడుతోంది.

అంకె దేనికీ సరిపోలకపోతే భాగాలను ఒక్కొక్కటిగా ఊడదీసి ప్రతిసారీ కొలవండి. ఒకేసారి రెండు తీయకండి. చిప్ ఒక్కటే మిగిలి ఇంకా 100 దాటి చూపిస్తే తప్పు కోడ్‌లో ఉంది.

చేనుకు వెళ్ళే ముందు ఇంకో రెండు కొలతలు

ఒకటి, ఎండలో. మే నెలలో మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా లోపలి వేడి బయటి ఎండ కంటే చాలా ఎక్కువ. లీకేజీ కరెంటు దాదాపు ప్రతి 10 డిగ్రీలకూ రెట్టింపు అవుతుంది కాబట్టి, గదిలో 12 చూపించినది అక్కడ 25 చూపిస్తే కంగారు పడకండి. 200 చూపిస్తే మాస్‌ఫెట్ సగం తెరుచుకుంటోందని అనుమానించి గేట్ వోల్టేజీ కొలవండి. సోలార్ ఉంటే డబ్బాను నీడలో కట్టండి, లిథియం సెల్‌ను 45 డిగ్రీల పైన చార్జ్ చేయకూడదు.

రెండు, తడిలో. 1 మెగాఓమ్ గీతల మీద వానాకాలం తేమ, మందు కొట్టినప్పుడు పడే తుంపర, సోల్డరింగ్ ఫ్లక్స్ మిగులు, మూడూ కలిస్తే బోర్డు పైనే కరెంటు పాకుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడిగి, ఆరాక, కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలనివ్వని పూత) రెండు పూతలు వేయండి, కనెక్టర్లకు తగలకుండా. పూత ఆరాక మళ్ళీ కొలవండి.

వేరే చిప్ వాడుతుంటే

ఎస్‌టీఎం32లో వాడని పిన్నులన్నింటినీ అనలాగ్ మోడ్‌లో పెట్టండి, ఇన్‌పుట్ ష్మిట్ ట్రిగ్గర్ (పిన్నును చదివే బఫర్) ఆగిపోతుంది. ఎఫ్103 రకంలో పీసీ13 నుంచి పీసీ15 వరకు పిన్నులు 3 మిల్లీఆంపులే భరిస్తాయి, వాటితో మాస్‌ఫెట్ గేట్ తప్ప ఇంకేదీ నడపకండి.

ఈఎస్‌పీ32లో డీప్ స్లీప్‌లోకి వెళ్ళగానే మామూలు పిన్నుల స్థితి పోతుంది. మాస్‌ఫెట్ పిన్నుకు హోల్డ్ (స్థితిని పట్టి ఉంచే అమరిక) ఆన్ చేయాలి, డీప్ స్లీప్ హోల్డ్ కూడా. లేచాక హోల్డ్ తీసేయకపోతే పిన్ను మీ మాట వినదు. 34 నుంచి 39 వరకు పిన్నులకు లోపలి పుల్‌అప్ లేదు, ఫ్లోట్ స్విచ్ వాటికి కడితే బయట రెసిస్టర్ పెట్టాల్సిందే. వ్రోవర్ మాడ్యూల్‌లో 12వ పిన్నుకు బయటి పుల్‌అప్, లోపలి పుల్‌డౌన్ రెండూ ఉంటాయి, నిద్రకు ముందు ఆ పిన్నును ఐసొలేట్ చేయండి. చిప్ సుమారు 10 మైక్రోఆంపులకు దిగుతుంది గానీ, యూఎస్‌బీ చిప్, ఏఎంఎస్1117 ఉన్న డెవ్ బోర్డు మీద ఆ అంకె ఎప్పటికీ కనిపించదు. మాడ్యూల్ ఒక్కదాన్నే తీసుకుని ఎంసీపీ1700 కాకుండా కనీసం 500 మిల్లీఆంపులు ఇవ్వగల, ఊరికే ఉన్నప్పుడు తక్కువ తినే రెగ్యులేటర్ పెట్టండి. వైఫై మొదలయ్యేటప్పుడు 250 దాటుతుంది.